అరగంట దాకా ముట్టుకోవద్దు

నాకు కోపం ఎక్కువ. ఒకప్పుడు ఈ మాట గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నెల్సన్ మాస్టారు వరండాలో నడిచి వస్తున్నారంటే టెన్త్ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. నేను బెత్తం పట్టేవాణ్ణి కాదు, నా నోరే చాలు. ఎప్పుడైనా ఒకటీ అరా చెంపదెబ్బ, అంతే. మీ క్లాసు పక్కనుంచి వెళ్తుంటే ప్రార్థన జరుగుతున్నట్టుంటుందండీ అని మా హెడ్మాస్టరు ఒకసారి అన్నారు. ఇంటికెళ్ళి ఆ మాట మా ఆవిడ సిల్వియాకి చెప్పుకుని మురిసిపోయాను. పిల్లలు మరీ అంత భయపడితే ఎలాగండీ అంది ఆవిడ. నీకేం తెలుసు, ఊరుకో అన్నాను.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులున్న ఊళ్ళో మాది మిషన్ హైస్కూలు. వెనకవైపు గోడ ఎప్పుడో వరదకి పడిపోయింది, మళ్ళీ కట్టలేదు. ఆటల సామాను గది దాటి పది అడుగులు వేస్తే గంగరాజు గారి చెరువు. ఆయన చేపల మేత సంచులూ, చెరువులో చల్లే సున్నం సంచులూ మా ఆటల గదిలోనే పెట్టుకునేవారు. బదులుగా క్రిస్మస్‌కి స్టాఫందరికీ తలా ఒక బొచ్చె చేప పంపేవారు. ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

సోషల్ నా సబ్జెక్టు. అందులో పాంపేయి అంటే నాకు పూనకం వచ్చేది. దానికో కారణం ఉంది. నేను పుట్టింది పెంటపాడులో, రైస్ మిల్లు గోడ పక్కన. మిల్లు గొట్టంలోంచి ఊక బూడిద ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీదా, అన్నం కంచాల మీదా పడేది. మా అమ్మ రోజూ ఆ మిల్లుని దుమ్మెత్తిపోసేది. రెండు వేల ఏళ్ళ క్రితం రోమన్ల రాజ్యంలో వెసూవియస్ అనే కొండ పేలిందనీ, దాని కింద ఉన్న పాంపేయి ఊరి మీద మధ్యాహ్నం నుంచి రాళ్ళూ బూడిదా కురిశాయనీ, తెల్లారేసరికి నిప్పులాంటి గాలి వచ్చి మిగిలినవాళ్ళందరినీ ఉన్నవాళ్ళని ఉన్నట్టే చంపేసిందనీ చెప్పేటప్పుడు, ఆ బూడిద ఎలా ఉంటుందో నాకు ఒంటికి తెలుసు. ఇంకా విచిత్రం ఆ తర్వాతది. బూడిద గట్టిపడింది, లోపలి శరీరాలు మట్టిలో కలిసిపోయాయి, ఖాళీలు మిగిలాయి. వందల ఏళ్ళ తర్వాత తవ్వినవాళ్ళు ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోశారు. పోస్తే మనుషులు బయటపడ్డారు, ముడుచుకున్నవాళ్ళు ముడుచుకున్నట్టే, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నట్టే. లైబ్రరీ పుస్తకంలో ఆ ఫోటో ఉండేది. అది చూపించి పాఠం చెబితే వెనక బెంచీవాళ్ళు కూడా నోరు తెరుచుకుని వినేవారు.

2003 డిసెంబరులో ఆ పాఠం చెబుతుంటే రెండో బెంచీ నుంచి సఫియా లేచింది. ఇళ్ళలో ప్లాస్టర్ సీలింగులు చేసే జిలానీ గారి అమ్మాయి. నెమ్మదైన పిల్ల.

"మధ్యాహ్నం నుంచి రాళ్ళు పడ్డాయన్నారు కదండీ. మరి వాళ్ళు అప్పుడే ఎందుకు పారిపోలేదండీ?"

నాకు తెలీదు. చాలామంది పారిపోయారనీ, కొందరు ఆగిపోయారనీ చదివాను. ఆగినవాళ్ళు ఎందుకు ఆగారో నేను చదివిన పుస్తకంలో లేదు. తెలీదమ్మా అంటే సరిపోయేది. నలభై మంది ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు. అది పరీక్షలో వస్తుందా, పెద్ద బయల్దేరావు ప్రశ్నలడగడానికి అని కసిరి, గంట కొట్టేదాకా బయట ఎండలో నిలబెట్టాను. ఆ తర్వాత ఆ పిల్ల నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. నేను అది గమనించను కూడా లేదు.

ఆ నెలలోనే ఏలూరులో జిల్లా ఎగ్జిబిషన్. కిందటేడు నేను అట్టముక్కలతో ఈజిప్టు పిరమిడ్ చేయించి తీసుకెళ్తే, థర్మకోల్ చార్మినార్‌కి మొదటి బహుమతి ఇచ్చారు. థర్మకోల్ చార్మినార్. ఏడాదంతా అది నన్ను తినేసింది. ఈసారి ఎవరి నోరూ పెగలకుండా చేద్దామనుకున్నాను. పాంపేయి మనిషిని, నిలువెత్తు మనిషిని, నిజంగా ప్లాస్టర్లో తియ్యాలి. మనిషి మీద ప్లాస్టర్ వేసి, గట్టిపడ్డాక రెండు ముక్కలుగా ఒలిచి, ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే శవం తయారు. పిల్లల్ని పడుకోబెట్టడానికి హెడ్మాస్టరు ససేమిరా అన్నారు. అయితే నేనే పడుకుంటానన్నాను. నా మాట ఎవరు విన్నా వినకపోయినా నా శవం మాట జడ్జీలు వింటారని స్టాఫ్ రూములో జోకు కూడా వేశాను.

జిలానీ గారిని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. పనుల్లో మిగిలిన ప్లాస్టర్ మూడు సంచులు డబ్బులు తీసుకోకుండా తన టీవీఎస్ మీద తెచ్చి ఆటల గదిలో పెట్టారు. జాగ్రత్తలు కూడా చెప్పారు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి అంతా ఒక్కసారి వెయ్యకూడదు, ముక్కలు ముక్కలుగా వెయ్యాలి, మొహం జోలికి అసలు పోకూడదు. శుక్రవారం ఏలూరులో నమాజు చేసుకుని రెండు గంటలకల్లా వస్తాననీ, తను వచ్చేదాకా సంచి మూతి విప్పొద్దనీ మరీమరీ చెప్పారు. సరే సరే అన్నాను.

బుధవారం చేతి మీద ట్రయల్ వేశాం. పది నిమిషాలకి దురద పుట్టి తియ్యమన్నాను. క్రాంతి కుమార్ అని క్లాసులో అన్నిటికీ ముందుండే కుర్రాడు, గబుక్కున తీసేశాడు. పచ్చి మీద ఉన్న అచ్చు మూడు ముక్కలైంది. తియ్యమన్నది నేనే. అయినా వాడి చెంప పగలగొట్టాను. ఈసారి నేను మూలిగినా, మొత్తుకున్నా అరగంట దాకా ముట్టుకోవద్దు, ముట్టుకున్నవాడి తోలు తీస్తానని అందరికీ వినిపించేలా చెప్పాను.

శుక్రవారం పన్నెండున్నర అయ్యేసరికి నాకు ఆగబుద్ధి కాలేదు. శనివారం పొద్దున్నే వస్తువు ఏలూరులో ఉండాలి. హెడ్మాస్టరూ మిగతా టీచర్లూ స్టాల్ పని మీద పొద్దున్నే ఏలూరు వెళ్ళిపోయారు. మిగిలింది నేనూ, నా టెన్త్ క్లాసు. జిలానీ గారు వచ్చేదాకా కూర్చుంటే సాయంత్రం అవుతుంది, ప్లాస్టర్ కలపడం ఏమైనా బ్రహ్మవిద్యా అనుకున్నాను.

సంచులు తెమ్మని క్లాస్ లీడర్ దీవెనని పంపాను. మా వైపు ఏదైనా చేపల మేత సంచిలోనే ఉంటుంది. బియ్యం అందులోనే, పాత బట్టలు అందులోనే, చర్చిలో కుర్చీల గుడ్డలూ అందులోనే. జిలానీ గారి ప్లాస్టర్ కూడా చేప బొమ్మ ఉన్న మేత సంచుల్లోనే ఉంది. గంగరాజు గారి సున్నమూ అలాంటి సంచుల్లోనే ఉంది. వారం క్రితమే బట్టీ నుంచి దింపించి, మరపట్టించి పెట్టిన కాల్చిన సున్నం, ఇంకా నీళ్ళ తడి తగలనిది, తగిలితే కుతకుత ఉడికి ఒళ్ళు కాల్చేది. దీవెన గుమ్మం దగ్గర ఆగి, అక్కడ చాలా సంచులున్నాయండీ, ఏవి తేవాలండీ అని అడిగింది.

"కళ్ళు లేవా? తెల్లగా ఉన్న పొడి. ఆ మాత్రం తెలీదా?"

మళ్ళీ అడగలేదు. మూడు సంచులు ఈడ్చుకొచ్చారు. రెండు ప్లాస్టర్, ఒకటి సున్నం. నేనైనా చేత్తో ముట్టి చూడాల్సింది. చూసినా ఏం తెలిసేదో. ఎందుకంటే పాంపేయి రంగు రావాలని, తాడేపల్లిగూడెం మిల్లు నుంచి తెప్పించిన ఊక బూడిద తట్టతట్టకీ కలపమన్నాను. అంతా ఒకటే బూడిదరంగు అయిపోయింది.

పాత లుంగీ, బనీను వేసుకుని ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించుకున్నాను. గది బయట నీడలో గోనెపట్టా మీద కుడివైపుకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఎడం చెయ్యి మొహానికి అడ్డంగా పెట్టుకుని ఫోటోలో ఉన్నట్టే పడుకున్నాను. కళ్ళ మీద దూది, దాని మీద ప్లాస్టిక్ కవరు, నోటికి అడ్డంగా తడిగుడ్డ, ముక్కులో రెండు కూల్‌డ్రింకు గొట్టాలు. మొహం జోలికి పోవద్దన్న మాట గుర్తుంది. కానీ మొహం లేని శవానికి బహుమతి ఎవడిస్తాడు? మరీ ప్రమాదమైతే ఎడం కాలి బొటనవేలు కదుపుతాను, అప్పుడు మాత్రం తియ్యండి అని చెప్పాను.

ఒకటింపావుకి మొదలుపెట్టారు. కాళ్ళూ, నడుమూ, వీపూ మొదటి రెండు సంచులతో అయ్యాయి. సీలింగు పగలకుండా కొబ్బరి పీచు కలుపుతారని జిలానీ గారి దగ్గర విన్నాను కాబట్టి, పీచు దండిగా వెయ్యమన్నాను. చివర్న మెడ, చెవి, ఎడం చెయ్యి, మొహం. అది మూడో సంచి, అడుగున మిగిలిన ప్లాస్టరుతో కలిపింది. అంతా అయ్యాక తట్టలో ఇంకాస్త మిగిలితే క్రాంతి కుమార్, సార్ కాలివేళ్ళు బయటికి కనిపిస్తే శవంలా లేదురా అని వాటి మీద కూడా వేసేశాడు. నాకు వినబడింది. ఒరేయ్ అందామంటే నోరు లేదు.

దీవెన వాచీ చూసి, ఒకటి నలభై అయ్యింది, రెండూ పదికి తియ్యాలి అని చెప్పింది. బుద్ధిమంతురాలు.

మొదట హాయిగానే ఉంది. నాకు మోకాళ్ళ నొప్పులు. ఆ వెచ్చదనానికి నిద్ర కూడా వచ్చేలా ఉంది. రేపు జడ్జీలు నోరెళ్ళబెట్టడం కళ్ళ ముందు కనిపించింది. ఐదు నిమిషాలకి మెడ దగ్గర చీమ కుట్టినట్టయింది. తర్వాత నలుగురైదుగురు గిల్లినట్టు. ఆ తర్వాత మెడా, చెవీ, మణికట్టూ పొయ్యి మీద పెట్టినట్టు కాలడం మొదలైంది. చెయ్యి లాక్కుందామనుకున్నాను. కదల్లేదు. భుజం, మోకాలు, ఏదీ కదల్లేదు. పీచు వేసిన ప్లాస్టర్ నన్ను ఇనప పెట్టెలా పట్టుకుంది. బొటనవేలు కదిపాను. కదిపాననే అనుకున్నాను. పైన తట్టెడు ప్లాస్టర్ ఉంది.

అరిచాను. గుడ్డ లోపల అది మూలుగైంది.

"సార్ భలే మూలుగుతున్నారే" అని ఎవరో నవ్వారు. సార్ ముందే చెప్పారు కదా అని ఇంకొకరు. ఆ నవ్వు వింటే నాకు మొదట కోపమే వచ్చింది, లేచాక ఒక్కొక్కడి సంగతీ చెబుతాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. చచ్చిపోతూ కూడా నేను పిల్లల్ని తిట్టే పనిలోనే ఉన్నాను.

తర్వాత కోపం పోయింది, భయం మిగిలింది. గొట్టాల్లోంచి వచ్చే గాలి చాలడం లేదు. దూది కింద కళ్ళు మండుతున్నాయి. ఈ కళ్ళతో మళ్ళీ చూస్తానో లేదో తెలీదు, అసలు లేస్తానో లేదో తెలీదు. దీవెన గొంతు, ఇంకా ఇరవై నిమిషాలుంది అంటోంది. ఇరవై నిమిషాలు. యేసయ్యా, ఎవరికైనా బుద్ధి పుట్టించు అని ప్రార్థించాను. సిల్వియా గుర్తొచ్చింది. ఇంటికెళ్తే ఇంకెప్పుడూ నీకేం తెలుసు అననని మొక్కుకున్నాను.

అప్పుడు సఫియా గొంతు వినబడింది.

"ఆవిరి వస్తోంది చూడండే. ప్లాస్టరుకి ఇంత ఆవిరి రాదు. ఇది సున్నం వాసన."

ముట్టుకుంటే తోలు తీస్తానన్నారు అని క్రాంతి కుమార్ అన్నాడు. వాడి చెంప రెండ్రోజుల క్రితమే వాచింది. దీవెన కూడా, సార్ మూలిగినా పట్టించుకోవద్దన్నారే, అరగంట అవ్వనీ అంది. సఫియా నాకు దగ్గరగా వచ్చి కూర్చుంది. సార్, సార్ అని రెండుసార్లు పిలిచింది. నేను ఉన్న బలమంతా పెట్టి మూలిగాను. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం నాకు వినిపిస్తోంది, అంత దగ్గరలో ఉంది. పగలగొట్టు తల్లీ అని లోపల మొత్తుకుంటున్నాను. చెయ్యి నా మీద వేసి మళ్ళీ తీసేసింది. పదిహేడు నిమిషాలు అని దీవెన అంది. పదిహేను అంది. ఎవరూ కదల్లేదు. నేను ఐదేళ్ళు కష్టపడి తయారుచేసిన క్లాసు అది.

పదమూడు అన్నాక ఏం జరిగిందో, ఒక్కసారి మెడ దగ్గర టక్కుమంది. సఫియా బడి గంట కొట్టే ఇనప కడ్డీ తెచ్చి అంచు కింద దూర్చింది. పెచ్చు లేచిన చోట రెండు చేతులూ పెట్టి గోళ్ళతో పీకడం మొదలుపెట్టింది. అమ్మా, అబ్బా అంటూ ఏడుస్తోంది, పీకుతోంది. అది చూశాక మిగతావాళ్ళు కదిలారు. మొహం మీదది ఊడింది, గుడ్డ లాగేశారు. నేను అన్న మొదటి మాట చెరువు.

పదిమంది కలిసి గోనెపట్టాతో సహా ఈడ్చుకెళ్ళి గంగరాజు గారి చెరువులోకి దొర్లించారు. నీళ్ళు తగలగానే ఒక్క క్షణం ఒళ్ళంతా నిప్పు పడినట్టయింది, తర్వాత చల్లబడింది. నడుము నుంచి కింద ఇంకా ప్లాస్టర్లోనే ఉన్నాను. మునిగిపోకుండా పిల్లలు తల పట్టుకున్నారు. అప్పుడే గట్టు మీద టీవీఎస్ ఆగింది. జిలానీ గారు తలమీద టోపీతో, నమాజుకి వేసుకున్న తెల్లబట్టలతో అలాగే నీళ్ళలోకి దూకేశారు.

"కళ్ళు తెరవకండి మాస్టారూ. ఎవరు చెప్పినా తెరవకండి" అంటూ చెరువు నీళ్ళే దోసిళ్ళతో మొహం మీద పోసి పోసి కడిగారు. తర్వాత కత్తి పెట్టి కాళ్ళ మీది ప్లాస్టర్ కోశారు. అంతా అయ్యి గట్టెక్కాక గానీ తన కూతురి చేతులు చూసుకోలేదు. ఆ పిల్ల గట్టు మీద కూర్చుని రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, నావైపే చూస్తోందట. తర్వాత చెప్పారు.

ఏలూరు ఆసుపత్రిలో నెలరోజులున్నాను. కళ్ళు దక్కాయి. ఎడం చెవి తమ్మె పోయింది, ఎడం చేతి రెండు వేళ్ళు వంగిపోయి అతుక్కున్నాయి. పక్క వార్డులో వారం రోజులు సఫియా కూడా ఉందని సిల్వియా చెప్పింది. రెండు అరచేతులూ తోలు లేచిపోయాయి. మార్చిలో టెన్త్ పరీక్షలు, అప్పటికి పెన్ను పట్టగలదో లేదో డాక్టరు చెప్పలేకపోతున్నారట. నేను లేచి వెళ్ళి చూద్దామని రోజూ అనుకునేవాణ్ణి. మొహం చెల్లక వెళ్ళలేదు.

జనవరి చివర్లో ఇంటికొచ్చాక సిల్వియానే బయల్దేరదీసింది. జిలానీ గారి ఇల్లు బడి వెనక వీధిలోనే. వాకిట్లో సఫియా నులకమంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులకీ కట్లు. నన్ను చూడగానే లేచి నిలబడింది. కూర్చోమ్మా అన్నాను. వెంటనే కూర్చుంది. అలా చెప్పిన మరుక్షణం కూర్చునేసరికి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

జిలానీ గారు కుర్చీ వేశారు. నేను క్షమించమని అడగబోతే ఆపేశారు. సంచులు ఆ గదిలో పెట్టి గుర్తు పెట్టకపోవడం తన తప్పేనన్నారు. చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి నెమ్మదిగా అన్నారు.

"మీ మీద కోపం లేదండీ మాస్టారూ. ఒక్కటే బాధండీ. చిన్నప్పటి నుంచి నా పనిలో తిరిగిన పిల్లండీ, ఆవిరి చూడగానే దానికి తెలిసిపోయింది. తెలిసి కూడా ఏడు నిమిషాలు మీ పక్కన ఆగిపోయిందంటండీ. మీరు కాలిపోతున్నారని తెలిసీ, మీకు భయపడి ఆగిపోయిందండీ."

సిల్వియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సఫియా వైపు తిరిగి, ఆ రోజు నువ్వడిగిన ప్రశ్నకి జవాబు నాకు తెలీకే కసిరానమ్మా అన్నాను. ఇప్పటికీ తెలీదన్నాను.

"నాకు తెలుసండీ" అంది తలొంచుకుని. "ఎవరో పెద్దాయన కదలొద్దని చెప్పుంటారండీ."

దెప్పడానికి కాదు. తెలీదన్నాను కాబట్టి జవాబు చెప్పింది, క్లాసులో చెప్పినట్టే.

వాళ్ళమ్మ టీ తెచ్చింది. నాకో గ్లాసు, సిల్వియాకో గ్లాసు, ఇంకో గ్లాసు జిలానీ గారు తీసుకుని కూతురి పెదాల దగ్గర పెట్టారు. తన చేతులకి కట్లు కదా. ఆ పిల్ల తాగలేదు. నావైపు చూస్తోంది. ఎందుకు తాగడం లేదో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. సార్ తాగకుండా తను తాగకూడదని ఆగింది.

నా గ్లాసులో టీ ఇంకా పొగలు కక్కుతోంది. ఆ పిల్ల ఇంకొక్క నిమిషం కూడా నాకోసం ఆగకూడదని గటగటా తాగేశాను. గొంతంతా కాలింది. గ్లాసు కింద పెట్టాక సఫియా తాగింది.